చైనాలో ఇంగ్లీషు పాఠాలు: ఒకే ఉద్యోగం, రెండు పాస్‌పోర్టులు



ఉపకార వేతనాల దరఖాస్తులు చూసే పని నాకు అప్పగించినప్పటి నుంచి ప్రతి జూన్, జూలై నెలల్లో మా ఇంటికి పిల్లలు, పెద్దలు వస్తూ ఉంటారు. నిరుడు అలా వచ్చినవారిలో ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. పూర్తి చేసిన ఒక అమ్మాయి, ఆమె తండ్రి ఉన్నారు. ఆయనకి బరంపురంలోనే చిన్న కిరాణా కొట్టు.

"బాబాయిగారూ, అమ్మాయికి చైనాలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చింది. ఏజెంటుకి లక్షా ఎనభై వేలు కట్టాలిట. ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చేశాం. మిగతాదానికి మన ట్రస్టు నుంచి ఏమైనా అప్పు దొరుకుతుందా?" అని ఆయన అడిగాడు.

ఏజెంటు ఫీజులకు అప్పు ఇచ్చే నిబంధన మనకు లేదు. అయినా ఆ మాట చెప్పి పంపించెయ్యడానికి మనసు ఒప్పలేదు. అచ్చం అదే ఉద్యోగం మా కుటుంబంలో ఒకరు చేశారు. ఆ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెబితే మరికొందరికి ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

చైనాకి విదేశీ మాస్టార్లు ఎందుకు?

చైనాలో 2001 నుంచి క్రమంగా 3వ తరగతి నుంచే ఇంగ్లీషు నేర్పడం మొదలుపెట్టారు. అక్కడి కళాశాల ప్రవేశ పరీక్షలో ఎక్కువ రాష్ట్రాల్లో మొత్తం మార్కులు 750, అందులో ఇంగ్లీషుకి 150. పిల్లలు వ్యాకరణం బాగా నేర్చుకుంటారు కానీ నోరు విప్పి మాట్లాడడానికి జంకుతారు. ఆ లోటు తీర్చడానికి విదేశీ మాస్టార్లను పిలిపించుకున్నారు. అమెరికా ప్రభుత్వపు పీస్ కోర్ సంస్థ 1993 నుంచి 2020 వరకు అక్కడికి యువ ఉపాధ్యాయులను పంపింది. వారిలో ఒకరైన పీటర్ హెస్లర్ 1996 నుంచి రెండేళ్లు ఫులింగ్ అనే ఊళ్లో పాఠాలు చెప్పి, ఆ అనుభవాలను 'రివర్ టౌన్' అనే పుస్తకంగా రాశారు.

అక్కడి రోజు ఎలా గడుస్తుంది?

మా పెద్దన్నయ్య మనవడు అమెరికాలో పుట్టి పెరిగినవాడు. డిగ్రీ కాగానే 2017 సెప్టెంబరు నుంచి ఒక ఏడాది హునాన్ రాష్ట్రంలోని ఒక కళాశాలలో ఇంగ్లీషు చెప్పాడు. 2018లో చైనా కొత్త సంవత్సరం ఫిబ్రవరి 16న వచ్చింది. ఆ సెలవుల్లో కున్మింగ్ నుంచి కలకత్తాకి విమానంలోను, హౌరా నుంచి బరంపురానికి రైల్లోను వచ్చి మా ఇంట్లో పన్నెండు రోజులు ఉన్నాడు. రోజూ భోజనాల దగ్గర అవే కబుర్లు.

వారానికి 16 పీరియడ్లు. ఉదయం 8 గంటలకే మొదటి క్లాసు. మనకంటే వాళ్ల గడియారం రెండున్నర గంటలు ముందు కాబట్టి మనకది ఇంకా అయిదున్నర. క్లాసుకి 45 మంది పిల్లలు. విదేశీ మాస్టారికి పిలవడానికి వీలుగా తామే ఇంగ్లీషు పేర్లు పెట్టుకుంటారు. అతని క్లాసులో ఒక అమ్మాయి పేరు యాపిల్, ఒక అబ్బాయి పేరు సోమవారం! ప్రశ్న అడిగితే అందరూ తలలు వంచుకుంటారు. క్లాసు అయ్యాక మాత్రం ఒక్కొక్కరే వచ్చి మెల్లగా మాట్లాడతారు. "తాతయ్యా, మొదటి నెల నేను పాఠం చెప్పలేదు, వాళ్ల భయం పోగొట్టడమే సరిపోయింది" అన్నాడు.

మధ్యాహ్నం భోజనం కాగానే ఊరంతా ఒక కునుకు తీస్తుందిట. ఎండాకాలమైనా వేడినీళ్లే తాగుతారు. ప్రతివాడి చేతిలో ఒక ఫ్లాస్కు. హునాన్ వంటలో మిరపకాయ దండిగా పడుతుంది కాబట్టి మనవాడికి కారం లోటు లేదు. కానీ కూరగాయల వంటకమని అడిగినా అందులో మాంసం ముక్కలు వేసేవారు. 'నేను శాకాహారిని' అన్న వాక్యమే అతను మొట్టమొదట నేర్చుకున్న చైనా మాట. చలికాలం ఇంకో కష్టం. అక్కడ ఉత్తరాదిన ప్రభుత్వం ఇళ్లకు వెచ్చదనం సరఫరా చేస్తుంది. దక్షిణాదిన ఉన్న హునాన్‌కి ఆ ఏర్పాటు లేదు. కోటు వేసుకునే పాఠం చెప్పేవాడు.

కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతోనే చెల్లింపు. గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ అక్కడ పనిచెయ్యవు. వాడితో మాట్లాడడానికి మా వదినగారు డెబ్బై దాటిన వయసులో వీచాట్ నేర్చుకున్నారు. (ఆ యాప్‌ను మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది.)

జీతం నెలకు 7,000 యువాన్లు. అప్పటి మారకం రేటుకి సుమారు 70,000 రూపాయలు. ఉండడానికి గది కళాశాలదే. దాచుకోవడానికి పెద్దగా మిగలదు, అప్పు మాత్రం కాదు.

ఇంత మంచి చెప్పినవాడే ఒక మాట తల వంచుకుని చెప్పాడు. మొదటిరోజు క్లాసులోకి వెళ్లగానే పిల్లల ముఖాలు చిన్నబోయాయిట. తెల్లవాడు వస్తాడని ఎదురుచూశారు. "మీరు నిజంగా అమెరికావారేనా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఆ ఏడాదంతా వినిపిస్తూనే ఉందన్నాడు.

కాగితాల సంగతి

ఇప్పుడు అమ్మాయి విషయానికి వస్తాను. ముప్పై ఆరేళ్లు వోచర్లు చూసిన కళ్లు నావి. ఆమె తెచ్చిన ఆహ్వాన పత్రంలో ముందు చూసింది వీసా రకం. 'ఎం' అని ఉంది. అది వ్యాపార పనుల మీద వెళ్లి వచ్చేవారికి ఇచ్చేది. "ముందు దీనిమీద వెళ్లిపోండి, అక్కడికి వెళ్లాక మార్పించేస్తాం" అని ఏజెంటు చెప్పాడుట.

ఉద్యోగానికి చైనా ఇచ్చేది 'జడ్' వీసా. దానికి ముందు ఉద్యోగం ఇచ్చే సంస్థ అక్కడి అధికారుల నుంచి పని అనుమతి నోటీసు తెప్పించి మనకు పంపాలి. అది చూపితేనే వీసా. వెళ్లిన 24 గంటల్లో బస చేసిన చోటు నమోదు కావాలి. 30 రోజుల్లో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. మా మనవడు ఇవన్నీ వరుసగా చేశాడు.

2013 జూలై 1 నుంచి అమల్లో ఉన్న వారి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పనిచేసిన విదేశీయుడికి 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా. తీవ్రమైన కేసుల్లో దానితోపాటు 5 నుంచి 15 రోజుల నిర్బంధం. దేశం నుంచి పంపించెయ్యవచ్చు కూడా. చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థి అనుమతి లేకుండా ట్యూషను చెప్పినా అదే నేరం.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. 2017లో దేశమంతటా అమలుకు వచ్చిన పని అనుమతి నిబంధనల ప్రకారం భాష నేర్పే విదేశీయుడు తన మాతృభాషనే నేర్పాలి. డిగ్రీ తీసుకుని ఉండాలి. రెండేళ్ల బోధన అనుభవం కూడా కావాలి. బి.ఎడ్. వంటి చదువుకో, గుర్తింపు పొందిన బోధన సర్టిఫికెట్టుకో అనుభవంలో మినహాయింపు ఉంది. మొదటి రెండు షరతులకు అలాంటి మినహాయింపు లేదు. ఆచరణలో అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు, దక్షిణాఫ్రికా దేశాలవారికే ఎక్కువగా ఈ అనుమతి దొరుకుతోంది. దీనికితోడు 2021 జూలైలో చైనా ప్రభుత్వం బడిపిల్లల ట్యూషను వ్యాపారం మీద కఠిన ఆంక్షలు పెట్టింది. విదేశాల్లో కూర్చున్న విదేశీయుల చేత పాఠాలు చెప్పించడాన్నీ నిషేధించింది.

అమ్మాయి అడిగిన ప్రశ్న

ఇదంతా విని తండ్రి ఏమీ అనలేదు. అమ్మాయి మాత్రం అడిగింది: "తాతగారూ, మీ మనవడికి వచ్చిన ఉద్యోగం నాకెందుకు రాదు? నా ఇంగ్లీషు తక్కువా?"

తక్కువ కాదు. వ్యాకరణంలో వాడికంటే ఆమే గట్టిది. మాతృభాష అంటారా, వాడి ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారు. ఈమెకి ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య పెరిగిన పిల్లకి, భాష రానివాడి భయం ఎలా ఉంటుందో తెలుసు. మాస్టారికి కావలసిన గుణం అదే. కానీ అక్కడ చూసేది పాస్‌పోర్టు. ఇది న్యాయమని నేను చెప్పలేను. నియమం అలా ఉందని తెలిశాక, దాన్ని తప్పించుకోవచ్చని చెప్పేవాడికి డబ్బు కట్టవద్దని మాత్రం చెప్పగలను.

తండ్రి ఫిక్సెడ్ డిపాజిట్టు విరవకుండా ఆగింది. అడ్వాన్సు ఇచ్చిన 20,000 మాత్రం తిరిగి రాలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో 8వ తరగతికి ఇంగ్లీషు చెబుతూ సీటెట్ పరీక్షకి చదువుకుంటోంది.

గుర్తుంచుకోవలసినవి

1. ఏ దేశమైనా సరే, ముందు వీసా రకం చూడండి. 'వెళ్లాక మార్పిస్తాం' అనే మాట వింటే అక్కడితో ఆపండి.

2. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు భారత ప్రభుత్వం దగ్గర రిజిస్టరు అయి ఉండాలి. ఆ పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటాయి. అతను తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. అంతకు మించి అడిగితే కారణం అడగండి. ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

3. లెక్కలు, సైన్సు చెప్పగలిగినవారికి చైనాలోని అంతర్జాతీయ పాఠశాలల్లో అవకాశం ఉంటుంది. వారికి భాషా ఉపాధ్యాయుల మాతృభాష షరతు వర్తించదు. కానీ వారూ 'జడ్' వీసా మీదే వెళ్లాలి.

4. డబ్బు కట్టకముందే కాగితాలు ఎవరికైనా చూపించండి. ఆదివారం ఉదయం నేను ఇంట్లోనే ఉంటాను. చదివి చెప్పడానికి నాకు పావుగంట చాలు, మీకు ఖర్చేమీ లేదు.