చిట్టి లాయరు చెప్పిన పాఠం



"హత్యలు, కోర్టులు ఉన్న పుస్తకాలు చదివితే పిల్లలు పాడైపోతారు" అంటూంటాం కదూ! నేనూ అన్నదాన్నే. మొన్న వేసవి సెలవుల్లో మా అబ్బాయి చేతిలోంచి అలాంటిదే ఒకటి లాక్కున్నాను. వంటిల్లు సర్దుకున్నాక తిరగేద్దామని కూర్చుంటే, సాయంత్రం కాఫీవేళ దాటిపోయింది!

దాని పేరు ‘థియోడోర్ బూన్: కిడ్ లాయర్’. రాసినవారు జాన్ గ్రిషమ్. ఆయన ఒకప్పుడు అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ప్లీడరు. పెద్దల కోసం ఎన్నో కోర్టు నవలలు రాసి, 2010లో పిల్లల కోసం ఈ వరస మొదలుపెట్టారు. 2019 నాటికి ఏడు పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు తేలికే, మెట్రిక్ చదివిన నాకే అర్థమైంది.

థియోకి పదమూడేళ్లు. తల్లీ తండ్రీ ఇద్దరూ లాయర్లే. ఊళ్లో ఒకాయన భార్యను చంపాడని విచారణ జరుగుతూంటుంది. సరైన సాక్ష్యం లేదు. ఆ వేళకి ముద్దాయి ఇంట్లోకి వెళ్లడం చూసిన కుర్రవాడొకడున్నాడని థియోకి తెలుస్తుంది. కాని ఆ కుర్రవాడు కాగితాలు లేకుండా పరాయిదేశం నుంచి కూలికి వచ్చినవాడు. బయటపడితే దేశంలోంచి పంపేస్తారని భయం. ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంటాడు.

ఇక్కడ ఒక్క సంగతి తెలియాలి. అక్కడ ఇలాంటి కేసుల్లో పన్నెండుమంది మామూలు పౌరులు జ్యూరీగా కూర్చుని తీర్పు చెబుతారు. అనుమానం మిగిలితే ముద్దాయిని వదిలేయాలి. ఒకసారి నిర్దోషి అని తేలిస్తే, తర్వాత ఎంత గట్టి సాక్షి దొరికినా అదే నేరానికి మళ్లీ విచారించడానికి వీల్లేదు. అంచేత థియోకి వ్యవధి లేదు. ఇచ్చిన మాట నిలుపుకోవాలా, నిజం చెప్పాలా?

వాడు సొంతంగా సాహసాలు చెయ్యడు. పెదనాన్న దగ్గర బయటపడతాడు. అమ్మా నాన్నలకు చెబుతాడు. అందరూ కలిసి జడ్జిగారి దగ్గరకు వెళతారు. తర్వాత ఏమైందో నేను చెప్పను, పిల్లల్నే చదువుకోనివ్వండి.

పుస్తకం తిరిగిచ్చేస్తూ, "నువ్వయితే ఏం చేసేవాడివిరా?" అన్నాను. వాడు తల దించుకున్నాడు. ఆ ఏడాది తరగతిలో కిటికీ అద్దం పగిలితే వేరే పిల్లవాడికి దెబ్బలు పడ్డాయిట. పగలగొట్టిందెవరో మావాడు చూశాడు. చెప్పనని ఒట్టు వేశాట్ట.

"మరి నాతోనైనా అనలేదేంరా?"

"నువ్వు కేకలేస్తావని."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. మర్నాడు ఇద్దరం ఆ పిల్లవాడింటికి వెళ్లాం. తప్పు వాడిది కాదని వాళ్లమ్మగారికి మావాడి చేతే చెప్పించాను. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

పిల్లలు ఇలాంటి కథలు చదివితే లాక్కోకండి. పక్కన కూర్చుని, "నువ్వయితే?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మాత్రం కేకలెయ్యకండి. థియోకి పెదనాన్న ఉన్నాడు. మన పిల్లలకి మనమున్నామని తెలియాలి కదా!