సెలవు లేని దినోత్సవం

నవంబరు నెలలో మా అనంతపురం జిల్లాలో రెండు దృశ్యాలు ఒకేసారి కనిపిస్తాయి. 11వ తేదీన పాఠశాలల్లో మౌలానా అబుల్ కలాం ఆజాద్‌ను స్మరిస్తూ సభలు జరుగుతాయి. అదే రోజుల్లో, వేరుశనగ పంట దెబ్బతిన్న కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి కూలి పనుల కోసం బెంగుళూరు బస్సు ఎక్కుతాయి.

ఆజాద్ జయంతిని ఏటా జాతీయ విద్యా దినోత్సవంగా జరపాలని కేంద్ర ప్రభుత్వం 2008లో ప్రకటించింది. అయితే ఆ రోజు సెలవు ఉండదని కూడా అప్పుడే స్పష్టం చేసింది. ఆ నిర్ణయం మాకెంతో సముచితంగా తోస్తుంది. 1888లో మక్కాలో జన్మించిన ఆజాద్ బడికి వెళ్లి చదివినవారు కారు. తండ్రి వద్ద, ఇంటికి వచ్చిన గురువుల వద్ద విద్య నేర్చారు. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రిగా 1958లో కన్నుమూసే వరకు పనిచేశారు. ఖరగ్‌పూర్‌లో తొలి ఐఐటీని 1951లో, విశ్వవిద్యాలయ నిధుల సంఘాన్ని 1953లో ప్రారంభించినది ఆయనే. అటువంటి వ్యక్తి పేరిట బడి మూయడం కన్నా బడి నడపడమే తగిన నివాళి.

స్మరణ దినాలన్నీ జయంతులే కానక్కర లేదు. ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవమైన అక్టోబరు 5 ఏ మహనీయుని పుట్టినరోజూ కాదు. ఉపాధ్యాయుల హోదా, హక్కులపై 1966లో పారిస్‌లో ఆమోదించిన ఒక పత్రానికి అది గుర్తు. ఇస్లామీయ శకాన్ని నిర్ణయించేటప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఎదుట కూడా పలు సూచనలు వచ్చాయని చరిత్రకారులు చెబుతారు. చివరకు ఆయన ఎంచుకున్నది దైవప్రవక్త (సఅసం) జననాన్ని కాదు, హిజ్రత్‌ను. సత్యం కోసం ఇల్లు విడిచి చేసిన ఆ ప్రయాణమే మన సంవత్సరాలకు మొదలయింది.

మా పిల్లలూ ఇల్లు విడుస్తారు, కరువు వల్ల. ఒక నవంబరులో పదేళ్ల విద్యార్థి ఒకడు తన ఖాయిదా పుస్తకాన్ని మా చేతిలో పెట్టి, “ఎల్లుండి బెంగుళూరుకు పోతాండాం హజ్రత్, మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటా” అన్నాడు. ఆ పుస్తకం నేటికీ మా అలమరలోనే ఉంది. వాణ్ని ఆ రోజు ఆపి, అక్కడ ఏ బడిలో చేరతావని మేము అడగలేదు. ఆ లోపం మాదే.

సోదర సోదరీమణులారా! విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను సంవత్సరం మధ్యలో వచ్చారనో, బదిలీ పత్రం ఆలస్యమైందనో ప్రభుత్వ పాఠశాల తిప్పి పంపకూడదు. ఈ నియమం కర్ణాటకలోనూ వర్తిస్తుంది. కనుక వలస వెళ్లే ముందు పిల్లల బదిలీ పత్రం అడిగి తీసుకోండి. అవ్వాతాతల వద్ద వదిలి వెళ్లగలిగితే చదువు ఇక్కడే సాగనివ్వండి. పక్కింటివారు వెళుతుంటే, వారి బిడ్డను మీ పిల్లలతో పాటు బడికి పంపండి.

ఈ నవంబరులో మా విద్యార్థి ఎవరైనా పుస్తకం తిరిగి ఇవ్వడానికి వస్తే, మేము తీసుకోము. దాన్ని వాడి సంచిలోనే పెట్టి పంపుతాము, ఇన్షా అల్లాహ్.