భూమి సర్వపిండి అయితే?

పిల్లలూ! భూమి గుండ్రంగా ఉన్నదని మీరందరూ బళ్ళో చదివే ఉంటారు. కాని జగిత్యాల జిల్లా ముత్యంపేటలో పొలం గట్టెక్కి చూస్తే, భూమి పరిచిన చాపలాగే కనిపిస్తుంది. హిరణ్యాక్షుడు భూమిని చాప చుట్టినట్టు చుట్టి తీసుకుపోయాడని మన అవ్వలు కథ కూడా చెబుతారు. సరే, కాసేపు కళ్ళనే నమ్ముదాం. భూమి బల్లపరుపుగా ఉంటే ఏమవుతుందో చూద్దాం.

మొదటి చిక్కు ఆకారం. చాపకు నాలుగు మూలలుంటాయి. కాని చంద్రగ్రహణం నాడు చంద్రుడి మీద పడే భూమి నీడ అంచు ఎప్పుడూ వంపుగానే ఉంటుంది. ఒక్క మూలైనా కనిపించదు. అందుచేత చాప పనికిరాదు. గంజులో ఒత్తిన సర్వపిండి లాగా గుండ్రని బిళ్ళ అనుకుందాం.

రెండో చిక్కు మందం. సర్వపిండికి వేలితో చిల్లులు పెడతారు గదా! రష్యాలో కోలా అనేచోట భూమికీ అలాగే చిల్లు పెట్టారు. 1989 నాటికి 12,262 మీటర్ల లోతుకు పోయారు. అవతలి ఆకాశం కనిపించలేదు! క్రీ.పూ. 6వ శతాబ్దంలో గ్రీకు పండితుడు అనాక్సిమాండర్, భూమి స్తంభపు ముక్కలాంటిదనీ, వెడల్పులో మూడోవంతు మందం ఉంటుందనీ అన్నాడు. మన బరువు భూమి ఆకర్షణ వల్ల కలిగేదే గనక, మనమూ లెక్క కట్టవచ్చు. ఇప్పుడున్న బరువే ఉండాలంటే బిళ్ళ మందం 4,000 కిలోమీటర్లకు మించాలి.

అంత మందం పెట్టినా సుఖం లేదు. అంచున ఉన్నవాణ్ణి బిళ్ళంతా నడిమికే లాగుతుంది. అక్కడ మేస్త్రీ దారానికి గుండు కట్టి వదిలితే అది ఏటవాలుగా వేలాడుతుంది. సముద్రాలన్నీ నడిమికే జారిపోతాయి!

మూడో చిక్కు నీడ. మే నెల మధ్యలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం ముత్యంపేటలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు నీడే ఉండదు. అదే రోజు మధ్యాహ్నం కన్యాకుమారిలో మీటరు కర్రకు సుమారు 19 సెంటీమీటర్ల నీడ దక్షిణంగా పడుతుంది. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉండటం చేత రెండుచోట్లా కిరణాలు ఒకే తీరుగా వస్తాయి. బల్లపరుపు నేల మీద రెండు కర్రలకూ నీడ ఒకేలా ఉండాలి. అలా లేదంటే, నేలే వంగి ఉన్నదన్నమాట! ఆ నీడ చూపే కోణం దాదాపు 10.8 డిగ్రీలు. అంటే వృత్తంలో సుమారు 33వ వంతు. రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. దాన్ని 33తో హెచ్చవేయండి. భూమి చుట్టుకొలత, అంటే ఇంచుమించు 40,000 కిలోమీటర్లు, వచ్చేస్తుంది!

భూమి గోళమని ఆర్యభటుడు 499లోనే రాశాడు. భూమి బల్లపరుపైతే దూరాన ఉన్న ఎత్తయిన తాటిచెట్లు ఎందుకు కనిపించవని 8వ శతాబ్దంలో లల్లాచార్యుడు అడిగాడు. వారి దగ్గర రాకెట్లు లేవు. ఉన్నదల్లా ప్రశ్న అడిగే బుద్ధి. ఎవరో చెప్పారని నమ్మటం వేరు, చూసి తెలుసుకోవటం వేరు. వచ్చే మే నెలలో మీరూ ఒక కర్ర పాతి చూడండి.

సర్వపిండి మాత్రం పలచగానే ఉండనివ్వండి. మందంగా ఒత్తితే లోపల ఉడకదు!