సైకిలుపై భీమిలి బాట

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సముద్రపుటొడ్డునే పోవు బాట యొకటి కలదు. పాతిక కిలోమీటర్లకు కొంచెము పైబడి యుండును. కారులో బోవువారు గంటలోపలనే దానిని ముగింతురు. సైకిలుపై బోయి, చూడదగినదెల్ల చూచుటకై మాటిమాటికి దిగు మావంటివారికి ఒక ఉదయము చాలదు.

మేము సైకిలు నేర్చినది ముప్పదియేండ్లు దాటిన పిదపనే. చిన్ననాట మాకు ఇంటిలో రామాయణ భారతములు చదివించిరి గాని సైకిలు నేర్పవలెనని యెవ్వరికిని తోచలేదు. మావారు పాఠశాల మైదానములో, సెలవుదినములందు, వెనుక సీటు పట్టుకొని పరుగెత్తిరి. రెండుమార్లు పడితిమి. మూడవమారు పడకపోవుటకు కారణము, వారు సీటు వదలివేసిన సంగతి మాకు తెలియకపోవుటయే. నడుమ అడ్డకమ్మి లేని సైకిలు, గొలుసుపై కప్పు, వెనుక చక్రమునకు వల, ఈ మూడును ఉన్నచో చీరతోనైనను భయములేదు. కుచ్చెళ్లు మాత్రము బిగియ దోపుకొనవలెను. ఈ వయసున నేమిటని నవ్వినవారు లేకపోలేదు. తమిళనాటి పుదుక్కోట్టై జిల్లాలో 1991-92 ప్రాంతమున అక్షరాస్యతోద్యమముతో పాటు సైకిలు నేర్చిన పల్లెటూరి స్త్రీలు వేలకొలది యుండిరి. వారినిగూడ మొదట నవ్వినవారే యెక్కువ.

భీమిలి బాటలో తెలిసికొనవలసినది ముందుగా గాలి. వేసవిలో నైరృతిగాలి వీచును. తీరము ఈశాన్యముగా సాగును. కావున పోవునపుడు వీపు తట్టి పంపు గాలియే వచ్చునపుడు ఎదురై నిలుచును. చీకటితో బయలుదేరి ఎండ ముదురకముందే మరలవలెను. కైలాసగిరి దిగువను దాటి, ఋషికొండ దాటి, తొట్లకొండ చేరుదుము. కొండపై రాతిలో తొలిచిన నీటితొట్లవలన దానికా పేరు వచ్చినది. పూర్వము అచ్చట బౌద్ధభిక్షువు లుండిరి. ఆవల ఎర్రమట్టి దిబ్బలు. గాలి మోసితెచ్చిన యిసుక వేలయేండ్లు పేరుకొని, అందలి ఇనుము త్రుప్పుపట్టి ఎర్రనైనది. వానలు కోసి వానిని లోయలుగా మలచినవి. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణసంస్థ ఆ దిబ్బలను రక్షింపదగిన జాతీయ భూవారసత్వస్థలముగా గుర్తించినది. వానిపై కెక్కి త్రొక్కకుడు. ఒక్క పాదము జారిన చోట వాననీరు దారి చేసికొనును. భీమిలిలో గోస్తనీనది సముద్రమున గలియును. డచ్చివారి సమాధులును అచ్చటనే యున్నవి.

ఇట్టివన్నియు చూచునపుడు చేతిలోని ఫోనుతో బొమ్మ తీసి ఫేస్‌బుక్కులో పెట్టుట మాకును అలవాటైనది. వంటింట నుండి కదలలేని చుట్టములు అవి చూచి సంతోషింతురు. అందు దోషమేమియు మాకు తోపలేదు, ఒక మే నెల ఉదయమువరకు.

ఆ దినమున మంగమారిపేట యొడ్డున రంగురంగుల పడవలు వరుసగా ఇసుకపైకి లాగి యుంచబడియుండెను. ఒక్క మనిషి లేడు. లేయెండ పడవల మొనలపై పడుచుండెను. బొమ్మ తీసి, దాని క్రింద “అలసిన నావలకు విశ్రాంతి” యని వ్రాసి పెట్టితిమి. మాకెన్నడును రానన్ని మెప్పులు వచ్చినవి. కొందరు దీనిపై పద్యము వ్రాయుడనిరి. మేము వ్రాయ మొదలిడితిమిగూడ; సీసము నాలుగవ పాదమున ఆగినది.

వారము దినముల పిదప అదే చోట ఒక జాలరి స్త్రీ ఎండునెత్తళ్ల గంప ముందిడుకొని కూర్చుండెను. మంచినీళ్లడిగితిమి, ఇచ్చినది. మాటలమీద ఫోనులోని బొమ్మ చూపితిమి. “మా యింటాయన పడవేనమ్మా, ఆ నీలంది” అని మురిసినది. “కింద ఏటి రాసినావు?” అని యడిగినది. చదివి వినిపించితిమి.

“ఇసరాంతి ఏటమ్మా? వేట నేదు గదా!” అనినది. కోపమునగాదు. తెలియనిదానికి తెలియజెప్పునట్లే యనినది.

తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషేధము. చేపలు గ్రుడ్లుపెట్టి వృద్ధిపొందు కాలమని యీ నియమము పెట్టిరి. నియమము మంచిదే; చేప మిగులకున్న రేపు వలకు పడునదేమి? ఆ మాట ఆమెయు ఒప్పుకొనినది. ప్రభుత్వము ఆ కాలమునకు భృతి యిచ్చును. అది చేతికి వచ్చుదనుక ఇల్లు గడుపవలసినది ఆడువారు. వేట సాగినన్నాళ్లు తెచ్చినదానిలో కొంత ఉప్పువేసి, ఇసుకపై వలలు పరచి ఎండబెట్టి, ఈ రెండు నెలలకు దాచుదురు. వాన తగిలినచో చెడును. కుక్కలు, కాకులు కాచుకొనియుండును. దాచిన దానిని గంపకెత్తి, వీథివీథి తిరిగి అమ్ముదురు. ఆనాటి గంప ఇంకను నిండుగనే యున్నది.

మేము ఇంటికి మరలునపుడు ఎదురుగాలి అంతకుముందెన్నడును లేనంత బరువుగా నుండెను. బొమ్మ క్రిందిమాట తీసివేసి, జరిగినదంతయు వ్రాసి మరల పెట్టితిమి. ముందు మెచ్చినవారిలో పదియవ వంతైనను దానిని మెచ్చలేదు. సీసపద్యము అచ్చటనే నిలిచినది. కాని హైదరాబాదునుండి ఒక సోదరి, “అవి ఆమెవద్ద కొని పంపగలరా? మాకు సముద్రపు నెత్తళ్లు దొరకవు” అని వ్రాసినది.

మా యింట చేపలు వండరు. అయినను మరునాడు మరల పోయితిమి. ఆమె రెండు కిలోలు తూచి, పాతగుడ్డలో కట్టి, దానిపై ప్లాస్టికు సంచి బిగించి, సైకిలు ముందరి బుట్టలో తానే పెట్టినది. ఇసుక లేకుండ ఏరితినని రెండుమార్లు చెప్పినది. దారిపొడవునను మా యెదుటనే ఆ వాసన. ఇల్లు చేరుసరికి తపాలా కార్యాలయము మూసిరి. మూట రాత్రి వసారాలో నుండవలసివచ్చినది. మావారు చదువుచున్న పుస్తకమునుండి తలయెత్తి చూచి, ఏమియు ననక, లేచి కిటికీ తలుపులు రెండును తెరచిరి.