చదరంగంలోకి చీటీలు ఎందుకు? ఎలా?

ఎందుకు? ఆరితేరిన ఆటగాళ్లు మొదటి ఎత్తులు ముందే కంఠతా పట్టేస్తారు. ఆ బట్టీ పని చేయకూడదని చదరంగ ఆటగాడు బాబీ ఫిషర్ 1996లో వెనక వరుస పావుల స్థానాలు మార్చి ఆడే పద్ధతి ప్రకటించాడు. అందులో 960 అమరికలు! అంతకుముందే మరో ఆటగాడు కాపాబ్లాంకా 80 గళ్ల బల్ల మీద రెండు కొత్త పావులు పెట్టాడు. ఒకటి శకటు, గుర్రం కలిసినది. రెండోది ఏనుగు, గుర్రం కలిసినది. అలాగే మనమూ చీటీలతో ఆటను కొత్తగా మార్చవచ్చు.

ఎలా? అట్టను పది చీటీలుగా కత్తిరించండి. ‘ఈసారి నా గుర్రం రెండుసార్లు దూకుతుంది’, ‘నా బంటు ఒక గడి వెనక్కి నడుస్తుంది’ అంటూ ఒక్కోదాని మీద ఒక్కో వరం రాయండి. కలిపి, చెరో ఐదు పంచుకోండి. ఎత్తుకు ఒక్క చీటీయే వాడాలి. చీటీతో రాజుకు చెక్ చెప్పకూడదు. చెప్పనిస్తే ఆట చప్పున ముగిసిపోతుంది. ఏదైనా చీటీ పడ్డవాళ్లే ప్రతిసారీ గెలుస్తుంటే దాని బలం తగ్గించండి. నియమాలు మాత్రం ఆటకు ముందే ఖాయం చేసుకోండి. మధ్యలో మారిస్తే అది తొండి!