గుండె ఆగితే 108 వచ్చేలోపు ఏం చేయాలి? బొల్లాపల్లి లాంటి మండలాలు ఎలా సిద్ధం కావాలి?

పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలో ఊళ్లు, తండాలు దూరదూరంగా ఉంటాయి. 108 వాహనం వెంటనే బయలుదేరినా చేరడానికి సమయం పడుతుంది. గుండె ఆగిన మనిషికి అంత వ్యవధి ఉండదు. నాలుగైదు నిమిషాలు రక్తం అందకపోతే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఏ సాయమూ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అందుకే మొదటి వైద్యం పక్కనున్నవాళ్ల చేతుల్లోనే ఉంది.

గుండెపోటు, కార్డియాక్ అరెస్ట్ ఒకటేనా?

కాదు. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటాయి; మనిషి మాట్లాడగలడు. కార్డియాక్ అరెస్ట్‌లో గుండె రక్తాన్ని పంపడమే ఆపేస్తుంది. మనిషి కుప్పకూలతాడు, పలకడు, ఊపిరి సరిగా తీసుకోడు. గుండెపోటు దీనికి దారితీయొచ్చు. పొలంలో మోటారు దగ్గర కరెంటు షాక్ తగిలినా ఇదే జరగొచ్చు.

ఎలా గుర్తించాలి?

భుజాలు తట్టి గట్టిగా పిలవాలి. పలకకపోతే ఛాతీ కదలికను పది సెకన్లలోపు చూడాలి. నోరు తెరిచి ఆగి ఆగి ఎగపీల్చడం, గురకలాంటి శబ్దం రావడం చూసి ‘ఊపిరి ఆడుతోంది’ అనుకోవద్దు. అది కూడా ప్రమాద సూచనే.

వెంటనే ఏం చేయాలి?

* ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాలి. ఊరు, తండా పేరుతో పాటు గుడి, వాటర్ ట్యాంకు వంటి గుర్తు చెప్పాలి.
* మనిషిని గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టాలి. మంచంపై చేస్తే ఒత్తిడి గుండెకు అందదు.
* ఛాతీ మధ్యలో అరచేతి మడమ ఉంచి, దానిపై రెండో చేయి వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి.
* పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి.
* అలసిపోతే రెండు నిమిషాలకోసారి మరొకరు అందుకోవాలి.

శిక్షణ లేనివారు నోటితో ఊపిరి ఊదకుండా ఛాతీ మాత్రమే నొక్కినా మేలే. పురుగుమందు తాగినవారి నోట్లో నోరు పెట్టి ఊదొద్దు. కరెంటు షాక్ అయితే ముందు సరఫరా ఆపాలి, తర్వాతే తాకాలి. నీళ్లు తాగించడం, ఉల్లిపాయ వాసన చూపించడం, చేతిలో తాళాలు పెట్టడం వల్ల సమయం పోతుంది తప్ప ఉపయోగం లేదు.

నేర్పిస్తే ఫలితం ఉంటుందా?

డెన్మార్క్‌లో పాఠశాలల్లో, డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేవారికి సీపీఆర్ తప్పనిసరి చేశారు. అక్కడ ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో పక్కనున్నవాళ్లు సీపీఆర్ చేసినవారు 2001లో 21 శాతం. 2010 నాటికి 45 శాతానికి చేరారు. 30 రోజుల తర్వాత బతికి ఉన్నవారు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. ఇతర చికిత్సలు మెరుగుపడటమూ ఇందులో భాగమే. మన దగ్గర 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో రోడ్డుపై కుప్పకూలిన వ్యక్తిని ఓ ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్‌తో కాపాడారు. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం శిక్షణ కార్యక్రమం చేపట్టింది.

ఊరు ఎలా సిద్ధం కావాలి?

వెల్లటూరు అయినా, రేమిడిచర్ల అయినా, ఏ తండా అయినా చేయాల్సింది ఒకటే. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, సచివాలయ సిబ్బంది, డ్వాక్రా సభ్యులు, ఆటో డ్రైవర్లు, లైన్‌మన్‌, పైతరగతుల పిల్లలు ముందుగా నేర్చుకోవాలి. శిక్షణ ఇప్పించాలని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని గ్రామసభ ద్వారా అడగొచ్చు. ఫోన్ ఎవరు చేయాలి, ఛాతీ ఎవరు నొక్కాలి, 108కి దారి చూపేందుకు రోడ్డు మీదకు ఎవరు వెళ్లాలి అన్నది ముందే అనుకోవాలి. ఆరు నెలలకోసారి మళ్లీ సాధన చేయాలి, నేర్చుకున్నది మరిచిపోతారు కాబట్టి.

ఏఈడీ అనే షాక్ యంత్రం ఉంటే ఇంకా మంచిది. ఆన్ చేస్తే ఏం చేయాలో అదే చెబుతుంది; అవసరం లేకుంటే షాక్ ఇవ్వదు. అయితే దాన్ని తాళం వేసిన గదిలో పెడితే రాత్రిపూట ఎవరికీ అక్కరకు రాదు. యంత్రం వచ్చేదాకా ఆగక్కర్లేదు. రెండు చేతులతో చేసే సీపీఆర్‌ను ఈ వారమే మొదలుపెట్టి నేర్చుకోవచ్చు.