తడి గాయానికి పట్టే జిగురు

వరికోతల్లో కొడవలి తగిలి వేలు తెగితే ఏమవుతుందో మీకు తెలిసిందే. రక్తం కారుతుండగా పట్టీ అంటిస్తే నిలవదు. కాడి రాపిడికి ఎద్దు మెడమీద పడిన పుండుకు వేసిన పట్టీ గతీ అంతే. తడి తగిలితే జారుతుంది, మెడ కదిలితే ఊడుతుంది. మరి తడిలోనే పట్టి, కదిలినా ఊడని జిగురు చెయ్యవచ్చునా? చెయ్యవచ్చునని శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. ఎట్లాగో చూద్దాం.

జిగురు పట్టాలంటే అది ఒంటిని నేరుగా తాకాలి. మధ్యన పలుచని నీటిపొర ఉన్నా చాలు, తాకనివ్వదు. నీళ్ళోడుతున్న గోడకు కాగితం అంటించి చూడండి, తెలుస్తుంది.

అయితే గాయాన్ని ఎండబెడితే పోలేదా అని అడుగుతారేమో. పోదండి. 1962లో లండనులో జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పందుల చర్మంపై పైపై గాయాలను పరీక్షించాడు. గాలికి ఎండి చెక్కు కట్టిన గాయం కంటె, పలుచని పొర కప్పి తేమగా ఉంచిన గాయంపై కొత్త చర్మం సుమారు రెట్టింపు వేగంతో కమ్ముకొన్నది. కనుక గాయానికి శుభ్రమైన తేమ మేలు చేస్తుంది.

తేమను పట్టి ఉంచే పదార్థమే హైడ్రోజెల్. తాటిముంజెను తలచుకోండి. అందులో ఉన్నది చాలావరకు నీరే, అయినా ఆకారం నిలుస్తుంది. కాని వేలితో నొక్కితే ముంజె చితుకుతుంది. ఒంటిమీద ఉండవలసినది అట్లా చితకకూడదు గదా!

2012లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో రెండు రకాల పోగులు కలిపి ఒక జెల్ చేశారు. ఒకటి గోధుమరంగు సముద్రపు నాచునుండి తీసిన ఆల్జినేట్. దీని పోగులను కాల్షియం ముడివేస్తుంది. రెండవది పాలీఎక్రిలమైడ్ అనే పొడవాటి పోగు. లాగినప్పుడు కాల్షియం ముడులు ఒక్కొక్కటే విడిపోతూ ఆ బలాన్ని మింగుతాయి. పొడవాటి పోగులు ఆకారాన్ని కాపాడుతాయి. గడ్డి కలిపిన మట్టిగోడ ఒక్కసారిగా పెళ్ళలూడదు చూడండి, అట్లాగే. ఈ జెల్ తన పొడవుకు ఇరవై రెట్లు సాగింది.

ఇక అంటుకొనే సంగతి. ఐరోపాలో ఏరియాన్ సబ్‌ఫస్కస్ అనే గుల్లలేని నత్త ఉన్నది. కదిలిస్తే బంక విడిచి తడి నేలకు కరచుకొంటుంది. ఆ కిటుకు పట్టుకొని 2017లో హార్వర్డువారే తమ జెల్‌కు అడుగున ధన విద్యుత్తు గల పోగుల పొర పూశారు. కైటోసాన్ అటువంటిదే. ఒంటి పైభాగాన రుణ విద్యుత్తు ఉంటుంది గనుక రెండూ ఆకర్షించుకొంటాయి. పోగులు కండలోకి చొచ్చుకొని, రసాయనికంగా కూడా ముడిపడతాయి. రక్తం తగిలినా ఇది పంది గుండెకు అంటుకొనే ఉన్నది. కైటోసాన్‌ను రొయ్యల పెంకుల నుండి తీస్తారు. మన కోస్తాలో రొయ్యలు ఒలిచి పారేసే పెంకులలో దీని ముడిసరుకు ఉన్నదన్నమాట.

మరొక పద్ధతి 2019లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయం నుండి వచ్చింది. ఇది పొడి పట్టీ. సబ్జా గింజల్లాగా అడ్డుగా ఉన్న నీటిని తానే పీల్చుకొని, అయిదు సెకన్లు నొక్కితే పట్టుకొంటుంది.

ఇందులో గ్రహించవలసినది ఒక్కటే. పట్టు ఒక్కటే చాలదు, సాగుడు కూడా ఉండాలి. గట్టిపడే జిగురు కదిలే ఒంటిమీద పగులుతుంది.

ఈ జిగుళ్ళు ఇంట్లో చేసుకొనేవి కావు. అట్టలకూ చెప్పులకూ వాడే జిగురును గాయానికి పూయకండి. పేడ, బూడిద, సున్నం, కాఫీపొడి పెట్టకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టండి. చిన్న గాయాన్ని మంచినీళ్ళతోనూ సబ్బుతోనూ కడిగి, శుభ్రమైన కట్టు కట్టి, అది మురికి పడితే మార్చండి. లోతైన గాయానికి ఆస్పత్రికి వెళ్ళి, ధనుర్వాతం సూది సంగతి డాక్టరును అడగండి. ఎద్దు మెడ పుండు మానేదాకా కాడి కట్టకండి, పశువైద్యునికి చూపించండి. విస్తరణాధికారులు కోతలకు ముందే ఈ మాటలు ఊరూరా చెప్పడం మంచిది.